రిపేరు తర్వాత కరెంటు తంటా

క్లచ్ ప్లేటు మార్పించిన మర్నాడు కారు సెల్ఫ్ అందుకోక మొరాయిస్తే, హెడ్‌లైట్లు మసకబారితే, చాలామంది ముందు బ్యాటరీనో, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ అయిన ఈసీయూనో అనుమానిస్తారు. మొదట చూడాల్సింది రిపేరులో చెయ్యి పడిన చోటు. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించాలంటే చాలా కార్లలో ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ వైరు విప్పక తప్పదు. తిరిగి బిగించడం మరిచినా, తుప్పు గీకకుండా బోల్టు వేసినా, స్టార్టర్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్ల కరెంటుకు సరైన తిరుగుదారి ఉండదు. అది గేర్ కేబుల్ గుండానో, సన్నటి వైర్ల గుండానో దారి వెతుక్కుంటుంది. రిపేరుతో ఏ సంబంధమూ లేని వార్నింగ్ లైట్లు వెలగడానికి ఇదొక కారణం.

‘మీటరు పెట్టి చూశాం, వైరు బాగానే ఉందండీ’ అని మెకానిక్ అనవచ్చు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్‌మంటుంది. స్టార్టర్ భారాన్ని మాత్రం ఆ పోగు మోయలేదు. కాబట్టి పరీక్ష లోడు మీదే జరగాలి. బండి న్యూట్రల్‌లో ఉంచి, మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టాలి. 0.5 వోల్టు దాటితే దోషం ఎర్తింగ్‌దే. పాత బ్యాటరీ సరిగ్గా అదే రోజు పోకూడదా? పోవచ్చు. అయినా ఈ పరీక్ష నిమిషాల పని, బ్యాటరీ వేల రూపాయల ఖర్చు. కొత్తది కొనేముందు ఈ కొలత తీయించండి.