చూపు ముడి మీదే ఉండాలి

వ్యాపారం చేసే ప్రతి మనిషికీ ఒక గురి ఉంటుంది. కాని ఆ గురికీ మనిషికీ మధ్య రోజూ నూరు విషయాలు అడ్డు తగులుతుంటాయి. పక్క దుకాణంలో గిరాకీ ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరో వచ్చి కొత్త బేరం చెబుతారు. జేబులో ఫోను మోగుతూనే ఉంటుంది. రాత్రి గల్లా మూసి లెక్క చూసుకుంటే, రోజంతా తిరిగిన అలసట మిగులుతుంది గాని పొద్దున అనుకున్న పని మాత్రం పొద్దున ఉన్నచోటే ఉంటుంది. ఇది ఎవరి గురించో చెబుతున్న మాట కాదు. మేము స్వయంగా అనుభవించినది.

మదర్సాలో పాఠాలు చెప్పుకుంటూనే సాయంత్రం పూట ఏలూరులో మేము ఒక చిన్న దుకాణం నడిపాము. నోటు పుస్తకాలు, ఉర్దూ ఖాయిదాలు, జానమాజ్‌లు, అత్తరు సీసాలు అమ్మేవాళ్ళం. పిల్లల చదువుకు సంబంధించి ఏది కావాలన్నా జనం ముందు మా గడపే తొక్కాలన్నది అప్పటి మా గురి. ఏడాది తిరక్కుండానే చూపు చెదిరింది. ఒకరి మాట విని గడియారాలు తెచ్చి పెట్టాము. ఇంకొకరి మాట విని చీటీల్లో చేరాము. 2005లో మరొకరి మాట మీద కొల్లేరులో చేపల చెరువు లీజులో వాటా తీసుకున్నాము. పుస్తకాల కోసం దాచిన సొమ్మంతా చెరువులోకి వెళ్ళింది. జూన్‌లో బడులు తెరిచేనాటికి మా అరల్లో నోటు పుస్తకాలు లేవు.

కొల్లేరును 1999లోనే ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాని హద్దు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా కూడా గుర్తింపు వచ్చింది. మేము వాటా తీసుకున్న చెరువు ఆ గీతకు లోపల ఉందో వెలుపల ఉందో ఒక్కరినీ అడగలేదు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో హద్దు లోపలి చెరువు గట్లు తెగగొట్టినప్పుడు మా వాటా కూడా నీళ్ళలో కలిసింది. తప్పు పూర్తిగా మాదే. కొన్నాళ్ళకు దుకాణమూ మూసేశాము.

ఆ రోజుల్లో తంగెళ్ళమూడిలో ఉండే మా మామూజాన్‌ను చూడటానికి వెళ్ళాము. ఆయన తివాచీల నేతగాడు. ఏలూరు తివాచీల పేరు వినని వారుండరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు ఇక్కడ స్థిరపడి ఈ విద్యను నిలబెట్టారని పెద్దలు చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు పరిచారు. నూలు పడుగు మీద ఉన్ని దారాన్ని ఒక్కొక్క ముడిగా వేసి, కత్తితో కోసి, వరుస పూర్తయ్యాక పేక దారం దూర్చి, ఇనుప పంజాతో గట్టిగా కొడతారు. చదరపు అంగుళానికి 30 ముళ్ళు అనుకున్నా, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల తివాచీకి లక్షా మూడు వేలకు పైగా ముళ్ళు పడాలి. రోజుకు ఆరు వేల ముళ్ళు వేసే చెయ్యి అయినా పదిహేడు రోజులకు పైగా మగ్గం ముందు కూర్చోవాలి.

“మామూజాన్, ఇన్ని ముళ్ళు తలచుకుంటే మీకు భయం వేయదా?” అని అడిగాము.

“తివాచీ మొత్తం తలచుకుంటే భయమే బేటా! అందుకే నేను ఈ వరుస ఒక్కటే చూస్తాను. నక్షా మాత్రం కళ్ళెదుట వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా పిలిచినా వరుస పూర్తి చేసే లేస్తాను. మధ్యలో లేస్తే తిరిగి వచ్చాక లెక్క తప్పుతుంది. ఇవాళ తప్పిన ముడి నాలుగు వరుసల తర్వాత పువ్వులో వంకరగా కనిపిస్తుంది. అప్పుడు నాలుగు వరుసలూ విప్పాలి” అన్నారు.

కాసేపాగి మళ్ళీ అన్నారు: “నీ నష్టం చెరువు దగ్గర మొదలవలేదు బేటా. ఒకే మగ్గం మీద నువ్వు నాలుగు నక్షాలు వేలాడదీశావు.”

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్ర పోనివ్వలేదు.

అయితే గురి మీద నిలవడమంటే కాలం మారినా కదలకుండా ఉండటమా? కాదు. తివాచీల చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు వర్తకులు చౌక సరుకు కావాలని ఒత్తిడి చేశారు. 1856లో రసాయన రంగు కనిపెట్టాక అలాంటి చౌక రంగులు మన మగ్గాల దాకా వచ్చాయి. భారతదేశపు చేతిపనుల మీద 1880లో పుస్తకం ప్రచురించిన జార్జ్ బర్డ్‌వుడ్, ఒకప్పుడు ఎంతో మేలైనవిగా పేరు పొందిన మచిలీపట్నం తివాచీలు ఈ చౌకబేరాల వల్లనే పాడయ్యాయని విచారించాడు. కొత్త రంగు వాడటం తప్పు కాదు. ఏది అమ్ముతున్నామో, ఏ పేరు మీద బతుకుతున్నామో మరచి, పిలిచిన ప్రతి బేరం వెంట పోవడం తప్పు. నక్షా మార్చవలసి వస్తే మార్చాలి. కాని తెలిసిన వారితో మష్వరా చేసి, చేతిలోని తివాచీ పూర్తి చేసి మార్చాలి.

తాడేపల్లిగూడెం వెళ్ళి చూడండి. అక్కడి ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలు వస్తాయి. ఉల్లి బేరం ఎంత చంచలమైనదో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో కేంద్రం ఎగుమతులు నిషేధించి, 2024 మేలో నిషేధం ఎత్తివేసింది. ఇలాంటి వార్త ఒక్కటి వస్తే చాలు, ధర తలకిందులవుతుంది. అందుకని వ్యాపారి రోజంతా ఫోనులో ధరలే చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది? తడి తగిలిన బస్తా అడుగున కుళ్ళుతుంది. పక్క బస్తాకూ అంటుతుంది. ధర మన చేతిలో లేదు. బస్తా తిరగేసి చూడటం, గాలి ఆడేలా పేర్చడం, గ్రేడు చేయించడం మన చేతిలో ఉన్నాయి. ధర తెలుసుకోవడానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. మిగతా సమయం బస్తాదే కావాలి.

కొల్లేరు ప్రాంతపు చేపల రైతుకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. పగలు నీటిలోని నాచు ఎండ తగిలి ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. చేపా, నాచూ రెండూ ఉన్న ప్రాణవాయువునే వాడుకుంటాయి. తెల్లవారే ముందు అది బాగా తగ్గిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. బొచ్చె, శీలావతి నోళ్ళు తెరిచి నీటిపైకి వస్తున్నాయంటే వెంటనే ఏరేటర్లు తిప్పాలి. ఆ గంటలో కాపలా మనిషి ఫోనులో బొమ్మలు చూస్తూ కూర్చుంటే, నెలల తరబడి వేసిన తవుడూ మేతా ఒక్క తెల్లవారుజామున వ్యర్థమవుతాయి. ప్రతి వ్యాపారానికీ ఇలాంటి ఒక గంట ఉంటుంది. ఆ గంట ఏదో గుర్తించి దాన్ని కాపాడుకున్నవాడే తెలివైన వ్యాపారి.

మదీనాలో ఒక శుక్రవారం జరిగిన సంఘటన మీకు తెలిసే ఉంటుంది. దైవప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా సరుకుల బిడారు ఊళ్ళోకి వచ్చింది. జనం లేచి అటు వెళ్ళిపోయారు. పన్నెండు మందే మిగిలారని హదీసు చెబుతోంది. జుముఅ సూరాలో అల్లాహ్ ఈ విషయాన్నే ప్రస్తావించాడు. గమనించండి, అదే సూరాలో వ్యాపారాన్ని నిషేధించలేదు. నమాజు ముగిశాక వెళ్ళి ఉపాధి వెతుక్కోమనే చెప్పాడు. అంటే ఏ సమయానికి ఏ పనో ఆ సమయానికి ఆ పనే. సఫ్‌లో నిలబడి దుకాణం తలచుకునేవాడు దుకాణంలో కూర్చుని ఇంకేదో తలచుకుంటాడు. ఈ జబ్బు ఒక్కటే, చోట్లు వేరు.

మామూజాన్ ఇప్పుడు లేరు. ఆయన కొడుకులెవరూ మగ్గం ముందు కూర్చోలేదు. ఆ నేతలో వచ్చే కూలితో ఇల్లు గడవడం కష్టమని వారు వేరే పనుల్లోకి వెళ్ళారు. వారిని తప్పు పట్టలేము. ఏకాగ్రత ఒక్కటే కడుపు నింపదు. ఆ చేతికి తగిన వెల ఇచ్చేవారు కూడా ఉండాలి. కాని వారిలో ఒకడు ఇవాళ ఏలూరులో కుట్టు మిషను పెట్టుకుని, చేతిలోని బట్ట పూర్తి చేయనిదే ఫోను ఎత్తడు. “అబ్బాజాన్ దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటే సాబ్” అంటాడు. పండుగ ముందు చెప్పిన రోజుకు బట్టలు ఇస్తాడన్న పేరు అతనికుంది.

రేపు పొద్దున దుకాణం తలుపు తీసే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఇవాళ పూర్తి కావలసిన వరుస ఏది అని మనల్ని మనమే అడుగుదాం. అల్లాహ్ మనందరి చేతి పనిలో బర్కత్‌నూ, మనసుకు నిలకడనూ ప్రసాదించుగాక! ఆమీన్.