మణికట్టులో నలిగే నరం

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు ఏ ఊళ్లోనైనా చాట ఒడిలో పెట్టుకుని కూచున్న ఆడవాళ్ల చేతులను కాసేపు గమనించండి. తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరిస్తారు, తంబాకు పోసి వేళ్ల మధ్య చుడతారు, కొస మడిచి దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన గనుక ఆ వేళ్లకు ఆగే తీరిక లేదు. అవే వేళ్లు అర్ధరాత్రి తిమ్మిరెక్కి నిద్ర లేపితే ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే: నరాల బలహీనత. ఒక సూది, నెలకు సరిపడా బలం గోళీలు. నరం నలుగుతుంటే దానికి టానిక్కు పోస్తున్నామన్నదే నా బాధ.

మణికట్టులో అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ ఇరుకు సందులోంచే వేళ్లను ముడిచే తొమ్మిది కండరపు తాళ్లు, వాటితో పాటు ఒక నరం అరచేతిలోకి పోతాయి. పదే పదే మణికట్టు వంచి బలంగా వేళ్లాడించే పనుల్లో అక్కడ వాపు చేరుతుంది. ఎముక జరగదు, పట్టీ సాగదు, నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలులో సగం దాని ఏలుబడి. నిద్రలో మణికట్టు వంగితే ఒత్తిడి పెరుగుతుంది, అందుకే లేచి చెయ్యి విదిలించుకుంటారు. ఒంట్లో బలహీనత అయితే సరిగ్గా ఆ మూడున్నర వేళ్లనే ఎందుకు ఏరుకుంటుంది? బీ12 లోపమూ నిజమైన జబ్బే, కానీ అది ఎక్కువగా రెండు పాదాల్లో మొదలవుతుంది, రక్తపరీక్షలో తేలుతుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ మణికట్టు ముప్పు ఎక్కువ. చిటికెనవేలు మొద్దుబారితే మాత్రం మోచేతి నరాన్ని చూపించుకోవాలి. దానికి తోడు స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి, దానికి సర్కారు దవాఖానలో మందులు ఉచితం.

సూదితో తగ్గింది గదా అంటారు. నొప్పి తగ్గింది, ఒత్తిడి తగ్గలేదు. ఆలోగా బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోతే పట్టు సడలి కత్తెర జారుతుంది. దెబ్బతిన్న నరం తిరిగి పెరగాలంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. నరాన్ని కోస్తే చెయ్యి పడిపోతుందన్న భయమూ ఉంది. ఆపరేషన్‌లో కోసేది పైనున్న పట్టీని. చెయ్యి వరకే మత్తిచ్చి చేస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. తొలి దశలో అంత దూరం పోనక్కరలేదు: మణికట్టును తిన్నగా నిలిపే పట్టీ కొన్ని వారాలు రాత్రిపూట కట్టుకోవాలి, అవసరమైతే ఆ సందులో స్టెరాయిడ్ ఇంజెక్షన్.

పని మానితే పూట గడవదన్నది అన్నిటికన్నా బరువైన మాట, దాన్ని కొట్టిపారేయలేం. రాత్రి కట్టే పట్టీ పగటి కూలిని చెడగొట్టదు, తొలిరోజుల్లోనే వైద్యం మొదలుపెట్టాలనడానికి అదే కారణం. 1976 చట్టంతో బీడీ కార్మికులకు సంక్షేమ నిధి వచ్చింది. వాళ్ల కోసం పెట్టిన దవాఖానల్లో ఊపిరితిత్తులు చూసేటప్పుడే చేతులూ చూడాలి, గోళీలతో పాటే మణికట్టు పట్టీ ఇచ్చి పంపాలి.