ఒకే పాట, రెండు వయసులు

మా రూమ్మేట్ లెక్కలో కవర్ సాంగ్ అంటే కాపీ-పేస్ట్. ఒకరి పాటని ఇంకొకరు పాడితే కొత్తగా ఏం వస్తుంది అంటాడు. త్యాగరాజ కీర్తన ఎవరు పాడినా మనం కాపీ అనం కదా అంటే, అది వేరే అంటాడు. అందుకే వాడికి 'హర్ట్' వినిపించా.

ఈ పాట 1994లో నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్‌ది. అప్పటికి రాసిన ట్రెంట్ రెజ్నర్‌కి ముప్ఫై కూడా లేవు. గొణుగుతున్నట్టు మొదలై, చివరికి పెద్ద రొదలో మునిగిపోతుంది. చేజేతులా తనని తాను పాడుచేసుకుంటున్న కుర్రాడి గొంతు అది.

2002లో దీన్నే జానీ క్యాష్ పాడాడు. ఆయనకి డెబ్బై ఏళ్లు, ఒంట్లో బాగోలేదు. రొద పోయింది, ఎక్కువగా గిటార్, పియానో మిగిలాయి. కిరీటం గురించిన లైన్లో ఒక బూతు మాట తీసేసి ముళ్ల కిరీటం అన్నాడు. మిగతా మాటలు దాదాపు అవే. కానీ కుర్రాడు పాడితే "ఇలా అయిపోతున్నా" అన్నట్టుంది, పెద్దాయన పాడితే "ఇదిగో, ఇలా అయిపోయింది" అన్నట్టుంది. వీడియో చివర్లో ఆయన మెల్లగా పియానో మూత వేస్తాడు. ఆ చేతులు చూస్తే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. 2003 సెప్టెంబర్‌లో క్యాష్ చనిపోయాడు.

రూమ్మేట్ ఏం ఒప్పుకోలేదు గానీ, రెండోది మళ్లీ పెట్టమన్నాడు.

ఇప్పుడు ఫెస్ట్‌లో ఇదే పాడదామని ప్రాక్టీస్ చేస్తున్నా. క్యాష్‌లా బరువుగా పాడితే పందొమ్మిదేళ్ల గొంతులో నటనలా ఉంటోంది. రెజ్నర్‌లా ట్రై చేస్తే పక్క రూమ్ వాళ్లు తలుపు కొడుతున్నారు. ఇంకా రెండు వారాలు టైముంది.