యవనులెఱిగిన మన బందరు



గ్రీసు దేశమున కడలియొడ్డున వెలసిన ప్రాచీన పట్టణములను గూర్చి చదువునపుడు, ఆ పాలరాతి కంబములను, ఓడలతో నిండిన రేవులను తలచుకొని, అట్టి తావులు మనకు లేవుగదా యని నిట్టూర్చువారు మనలో పలువురు గలరు. మేమును ఒకప్పు డట్లే నిట్టూర్చినవారమే. కాని మన పూర్వులు యవనులని పిలిచిన ఆ గ్రీకులే, రమారమి రెండువేల యేండ్ల క్రిందట మన కృష్ణాతీరమును తమ గ్రంథములలో వ్రాసికొనిరని తెలిసినపుడు మాకు గలిగిన ఆశ్చర్య మింతింత గాదు. ఆ చోటులను కన్నులార చూడవలెనని నిశ్చయించుకొని, మాఘమాసమున నొకనాటి యుదయమున విజయవాడనుండి బయలుదేరితిమి.

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో, పేరు తెలియని యొక వర్తకుడు గ్రీకుభాషలో ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అను నావికుల మార్గదర్శినిని రచించెను. అందు మసాలియా యను దేశమును పేర్కొని, అచట సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగుచున్నవని చెప్పెను. రెండవ శతాబ్దివాడగు టాలెమీ ఈ తీరమును మైసోలియా యనెను. ఇచట కొంటకొస్సిల యను వర్తకపు రేవు కలదని వ్రాసెను. ఆ రేవు నేటి ఘంటసాలయే యని చరిత్రకారులు నిర్ణయించిరి. గమనింపుడు! పరదేశి మన తీరమును జ్ఞాపకముంచుకొన్నది బంగారమును బట్టి కాదు, బట్టను బట్టి.

ఒకప్పుడు బెజవాడనుండి బందరు కాలువపై పడవలలో పోవుచుండెడివారు. మేము ఆ కాలువ ప్రక్కనే సాగు రోడ్డున బస్సుపై పోతిమి. ఉయ్యూరు దాటి పామఱ్ఱు చేరి, అచటినుండి చల్లపల్లి వైపునకు తిరిగి ఘంటసాలకు వచ్చితిమి. ఇప్పుడిది వరిచేల నడుమ నున్న పల్లె. సముద్రము కంటికి గాని చెవికి గాని అందదు. నది తెచ్చిన మట్టి వేసికొనుచు పోయిన కొలది కడలి దూరమైనది. ఊరిలో ఇటుకలతో గట్టిన బౌద్ధస్తూపము కలదు. ఇచట దొరకిన శాసనములలో నొకటి మహానావికుడైన శివకుని పేర్కొనుచున్నది. ఈ వరిచేల పల్లెలో నావికనాయకుడు! ఆ యొక్క మాటతో రేవు మరల మా కన్నులయెదుట నిలిచెను.

ఇంకొక విశేషము మన స్త్రీలకు ప్రియమైనది. నాగార్జునకొండలో మూడవ శతాబ్దినాటి శాసనమొకటి కలదు. బోధిశ్రీ యను ఉపాసిక తాను చేసిన ధర్మకార్యముల నందు చెక్కించెను. వానిలో కంటకసెలయందలి మహాచైత్యపు తూర్పువాకిట రాతిమంటపము కట్టించుట యొకటి. కంటకసెల యనగా ఈ ఘంటసాలయే. ఆ కాలమున మన దేశపు గృహిణి తన పేరుతో దానముచేసి, ఆ పేరును రాతిపై నిలుపుకొన్నది.

మధ్యాహ్నమునకు బందరు చేరితిమి. ‘బందరు’ అనగా పారసీకమున రేవు అని యర్థము. గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున మచిలీపట్నము వారికి ముఖ్యమైన రేవు. ఇచటి అద్దకపు బట్టలు పారసీకదేశమునకు పోవుచుండెను. ‘కలంకారీ’ యను పేరును ఆ భాషనుండి వచ్చినదే. పిదప ఐరోపావారు వచ్చిరి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇచట దిగిరి. మన బట్టలను కొని, తూర్పుదీవులలో వానిని మారకమిచ్చి సుగంధద్రవ్యములను పొందుట డచ్చివారి వర్తకపు మర్మము. ఆయా జాతులవారు పోయినను, వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేరులు ఊరిలో నిలిచియున్నవి. వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు.

మన అద్దకపు బట్టలపై ఐరోపాస్త్రీలకు మోజు హెచ్చగా, అచటి నేతగాండ్రు మొఱపెట్టుకొనిరి. అందుచే 1686లో ఫ్రాన్సుప్రభుత్వము వానిని నిషేధించెను. ఇంగ్లండులో 1721లో అద్దకపు నూలుబట్టల ధారణనే నిషేధించుచు శాసనము చేసిరి. ఒక చీటిగుడ్డకు జడిసి రెండు రాజ్యములు శాసనములు చేసినవన్నచో, మన పనివాని చేతి నేర్పు ఎట్టిదో ఊహించుకొనుడు.

సాయంకాలము బందరుకోటకు పోతిమి. ఫ్రెంచివారి చేతనుండి దీనిని 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు పట్టుకొనెను. ఇప్పుడు శిథిలమైన గోడలు, ముళ్ళపొదలు మాత్రమే కలవు. పట్టణమున డచ్చివారి సమాధులను గూడ చూచితిమి; చెక్కడపు పనిగల పెద్ద రాతిపలకలవి. కాని మమ్ము కలచివైచినది వేరొక సంగతి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను వచ్చి సముద్రము ఊరిపై పడెను. రమారమి 30,000 మంది మృతినొందిరి. ఆ దెబ్బనుండి రేవు మరల కోలుకొనలేదు. 2023లో క్రొత్త ఓడరేవునకు పనులు ఆరంభించిరి.

రేవు పోయినను ఊరు ప్రాణము విడువలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి, చదువుతోబాటు చేతిపనులను నేర్పు ఆంధ్ర జాతీయ కళాశాలను ఇచటనే స్థాపించిరి. మఱునాటి యుదయమున మంగినపూడి యొడ్డున సముద్రస్నానము చేసి, చిలకలపూడి పాండురంగని సేవించుకొని, తుదకు పెడన చేరితిమి.

యవనుడు మెచ్చిన పని ఇంకను బ్రదికియున్నదా యని చూడవచ్చిన మాకు, ప్రత్యుత్తర మిచటనే దొరకెను. బట్టను ముందు కరక్కాయ కషాయమున, పాలలో తడిపి యారవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీట నానవేసి తీసిన ద్రవముతో నల్లరంగు అద్దుదురు. ఎఱుపు కావలసినచోట పటికనీటితో కొయ్య అచ్చు వేయుదురు. పిదప పారునీట జాడించి, మంజిష్ఠ మొదలగు వేళ్ళతో రాగికాగులలో ఉడికింతురు. పటిక తగిలినచోటనే ఎఱుపు పట్టును! నీలిమందుతో నీలము, దానిమ్మతొక్కతో పసుపు వచ్చును. ఇట్లు ఎన్నిమారులో తడిసి, ఎండి, ఉడికినగాని ఒక దుప్పటి పూర్తికాదు.

మేము కట్టుకొన్న చీరను కలంకారీయని గర్వముతో చూపితిమి. అచ్చువేయుచున్న వృద్ధుడు నవ్వి, “తల్లీ, కొంగు తిరగవేసి చూడుము,” అనెను. చూచితిమి. వెనుకవైపున రంగు వెలవెలబోయి యుండెను. “ఇది యంత్రము వేసినది. మా రంగు నూలులోనికి దిగును, వెనుకను కానవచ్చును. మా అచ్చు ఒక్కొక్కచోట వెండ్రుకవాసి తప్పును, చేయిగదా! యంత్రము తప్పదు.” మాకు సిగ్గు కలిగెను.

“నీ మనుమలు ఈ పని నేర్చుచున్నారా, తాతా?” యని యడిగితిమి. అతడు అచ్చును రంగులో ముంచుచు, “కొనువారున్నచో నేర్చుకొందురు, తల్లీ,” అనెను.

రెండువేల యేండ్లలో ఓడలు వచ్చినవి, పోయినవి. కోటలు కూలినవి, సముద్రము ఊరినే మ్రింగినది. అన్నిటికిని తాళిన ఈ పని, మనము కొంగు తిరగవేసి చూడని యజాగ్రత్తచే పోవుట న్యాయమా? ఇంటికి బట్టలు కొనునపుడు ఎక్కువ మాట చెల్లునది మనదే. ఏటికొక్క దుప్పటియైనను చేతి అద్దకము కొందము. మేము ఆనాడే యొకటి కొని తెచ్చితిమి. మడత విప్పినపుడెల్ల సన్నగా కరక్కాయవాసన వచ్చుచు, పెడన తాత చెప్పిన మాటను మాకు జ్ఞాపకము చేయుచున్నది.