దొంగ దావాకు జంకవద్దు, సమను వదలవద్దు

విజయవాడ: చేను గట్టు జానెడు జరిగిందనో, బోదె నీరు మళ్ళించారనో, ఎప్పుడో తీర్చిన బాకీ ఇంకా ఉన్నదనో దావా పడుతుంది. నారుమడి చూసుకోవలసిన రైతు కాగితాల సంచి చంకన పెట్టుకుని కోర్టు బస్సెక్కుతాడు. కృష్ణా డెల్టా పల్లెలకు ఇది కొత్త కాదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. పస లేని దావా వేసేవాడికీ ఈ సంగతి తెలుసు. ఎదుటివాడు వాయిదాలకు తిరగలేక ఎంతో కొంత ఇచ్చి వదిలించుకుంటాడన్నదే అతని ఆశ.

తప్పుకుంటే డిక్రీయే

కోర్టు అమీనా సమను తెస్తే ఇంట్లో లేమని చెప్పించేవారు చాలామంది. ఇది పెద్ద పొరపాటు. సమను పుచ్చుకోనని నిరాకరిస్తే తలుపుకు అంటించిపోతారు. అది అందినట్లే లెక్క. వాయిదా నాడు ప్రతివాది లేకపోతే ఎక్స్ పార్టీ డిక్రీ అవుతుంది. అబద్ధపు బాకీ అసలు బాకీగా మారి, చేను జప్తు దాకా వస్తుంది. అలాంటి డిక్రీని రద్దు చేయమని కోరడానికి గడువు 30 రోజులే. అందుచేత సమను తీసుకుని, తేదీ చూసుకుని, వెంటనే ప్లీడరును కలవాలి. జవాబు 30 రోజుల్లో దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే కోర్టు 90 రోజుల దాకా అనుమతించవచ్చు.

ఖాళీ నోటు ముప్పు

సాగు పెట్టుబడి తొందరలో రెవిన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఖాళీ ప్రోనోటు ఇచ్చేస్తుంటారు. 1881 నాటి చట్టం ప్రకారం అలా ఇచ్చినవాడు దాన్ని పూర్తి చేసుకునే అధికారం కూడా ఇచ్చినట్లే. సంతకం తనదేనని తేలితే సొమ్ము ముట్టినట్లే కోర్టు భావిస్తుంది. ముట్టలేదని రుజువు చేసే భారం సంతకం పెట్టినవాడిదే. కనుక తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసిన తర్వాతే సంతకం చేయాలి. నోటుకు మామూలుగా మూడేళ్ళు కాలదోషం. ఆ లోగా వెనుక జమ వేసి సంతకం చేస్తే, ఆనాటి నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. బాకీ తీరిననాడు చెల్లు రాయించి నోటు వెనక్కు తీసుకోవాలి. నోటు కనబడలేదంటే రసీదైనా రాయించుకోవాలి.

ముందే అడ్డుకట్ట

పొరుగువాడు ఇంజంక్షనుకు వెళుతున్నాడని తెలిస్తే కోర్టులో కేవియట్ వేయవచ్చు. 1976 సవరణతో వచ్చిన ఈ సదుపాయం 90 రోజులు పనిచేస్తుంది. మనకు తెలియజేయకుండా ఉత్తర్వు ఇవ్వరు. దావాకు ఆధారమే లేదని దావా కాగితంలోనే కనబడితే, దాన్ని తిరస్కరించమని ప్రతివాది మొదట్లోనే కోరవచ్చు. అలాంటి వాటిని తొలి విచారణలోనే తుంచివేయాలని 1977లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్ కింది కోర్టులకు చెప్పారు.

పనిగట్టుకుని కేసులు వేసేవారిని కట్టడి చేయడానికి 1949లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. అప్పటికి కృష్ణా జిల్లా ఆ రాష్ట్రంలోనిదే.

దావా అబద్ధమని తేలితే ప్రతివాదికి నష్టపరిహారం ఇప్పించవచ్చు. అయితే మామూలు దావాల్లో దాని పరిమితి 3,000 రూపాయలే. 1976లో పెట్టిన అంకె అది. ఏళ్ళ తరబడి బస్సు చార్జీలకూ, పోయిన కూలి దినాలకూ, ప్లీడరు ఫీజుకూ అది ఏ మూలకు?

ఫీజు లేని వకీలు

1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. లోక్ అదాలత్ లో రాజీ పడితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కాని ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఏం రాశారో చదివించుకోకుండా వేలిముద్ర వేయరాదు.

దస్తావేజులు, నీటితీరువా రసీదులు, చెల్లు పడిన నోట్లు ఒకే పెట్టెలో భద్రంగా ఉంచుకున్న ఇంట్లో దొంగ దావాకు బలం తక్కువ. అమీనా వచ్చిననాడు ఆ పెట్టె తెరవాలి గాని దొడ్డిదారి వెతకరాదు.