మంటకు గాలి - నిప్పుకు నివురు
వంటచెరకు ఎక్కువసేపు కాలుటకు కొన్ని మెళకువలు

అగ్గిపెట్టె ప్రతి ఇంటా లేని రోజులలో మన పల్లెలలో రాత్రి పొయ్యిని పూర్తిగా ఆర్పెడివారు కారు. వంట ముగియగానే మిగిలిన నిప్పులను ఒక మూలకు చేర్చి పైన బూడిద కప్పెడివారు. తెల్లవారి ఆ బూడిద తొలగించి, నాలుగు ఎండుటాకులు వేసి ఊదినచో నిప్పు మరల రాజుకొనెడిది. ఎవరి ఇంటనైనను నిప్పు ఆరిపోయినచో పిడక ముక్క పట్టుకొని పొరుగింటికి పోయి తెచ్చుకొనెడివారు. "నివురు గప్పిన నిప్పు" అను మాట మనకందరకు తెలిసినదే. అందులో దాగియున్న శాస్త్రమును గ్రహించినచో, నేడు రెండు రోజులకు చాలు కట్టెలను మూడు రోజులకు సర్దుకొనుట కష్టము కాదు.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్వల యోజన ప్రారంభమైన పిమ్మట గ్యాసు పొయ్యి పల్లెలకు బాగుగా చేరినది. అయినను గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ గ్రామములలో పెరటి పొయ్యి మూలబడలేదు. స్నానములకు నీళ్లు కాచుటకు, పశువులకు ఉలవలు ఉడికించుటకు, శుభకార్యములలో వంటలకు కట్టెలు కావలసియే యున్నవి. కొన్ని ఇండ్లలో పాలు నేటికిని దాలి మీదనే కాగుచున్నవి. కనుక కట్టె పొదుపు నేటికిని అక్కరకు వచ్చు విషయమే.

పచ్చికట్టె పొదుపా?

"ఎండుకట్టె భగ్గున మండి అయిపోవును, పచ్చికట్టె అయితే నిదానముగా కాలి ఎక్కువసేపు వచ్చును గదా" అని పలువురు అనుకొందురు. పచ్చికట్టె ఎక్కువసేపు పొయ్యిలో ఉండుమాట నిజమే. కాని అంతసేపు అది మన బిందెను కాచుట లేదు, తనలోని నీటిని కాచుకొనుచున్నది. కట్టె ఎన్ని గంటలు కాలినది అని గాక, ఆ కట్టెతో ఎన్ని బిందెలు కాగినవి అని లెక్క వేయవలెను.

పచ్చిగా కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగము వరకు నీరుండవచ్చును. అట్టి కట్టెలు 10 కిలోలు కొన్నచో 5 కిలోల నీటికి మనము వెల ఇచ్చినట్లే. పూర్తిగా ఎండిన కట్టె కిలో ఒక్కింటికి సుమారు 4,500 కిలో కాలరీల వేడినిచ్చును. కిలో నీరు ఆవిరి యగుటకు 600 కిలో కాలరీలకు పైగా పట్టును. అనగా ఆ 5 కిలోల నీటిని వెళ్లగొట్టుటకే ఉన్న వేడిలో ఇంచుమించు ఏడవ వంతు ఖర్చగును. అంతకు మించిన నష్టము మరొకటి కలదు. తడి వలన పొయ్యి చల్లబడి, మండవలసిన ఆవిరులు మండక పొగయై పోవును. ఆ పొగ మన కట్టెలోని సారమే. అది పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కండ్లకు, ఊపిరితిత్తులకు, ఆమె చంకనున్న బిడ్డకు చేటు తెచ్చును.

కట్టె ఎట్లు కాలును?

కట్టె కాలుటలో మూడు దశలు కలవు. మొదట నీరు ఆవిరియై పోవును. తరువాత కట్టె వేడెక్కి, లోపలి నుండి మండెడు ఆవిరులు వెలువడును. ఎండుకట్టె బరువులో ఇంచుమించు మూడు పాతికలు ఈ ఆవిరులే. అవి గాలితో కలిసి మండుటయే మనకు కనిపించు మంట. చివరకు మిగులునది బొగ్గు. అది మంట లేకుండ ఎర్రని కణికలుగా నిదానముగా కాలును.

ఈ దశలను తెలిసికొన్నచో చేయవలసిన పని తేటపడును. మంట దశలో గాలి ధారాళముగా అందవలెను. అప్పుడు గాలిని బిగించినచో ఆవిరులన్నియు పొగయై పోవును. కణికల దశలో గాలిని తగ్గించవలెను. అప్పుడు నోరు తెరచి ఉంచినచో గంట నిలువవలసిన నిప్పు పావుగంటలో బూడిద యగును. మంటకు గాలి, నిప్పుకు నివురు: ఈ రెండు మాటలు గుర్తున్నచో చాలును.

ఏ కట్టె మేలు?

బరువైన గట్టి కట్టె మంచి కణికలనిచ్చి ఎక్కువసేపు నిలుచును. మన కోస్తా ఇసుక నేలలలో పెరుగు సరుగుడు ఇందుకు పేరు పొందినది. నాలుగైదు ఏండ్లకే కోతకు వచ్చును. నల్లతుమ్మ, చింత కూడ మంచి వంటచెరకే. తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, ఎండుపుల్లలు త్వరగా అంటుకొని త్వరగా ఆరిపోవును. వానిని రాజేయుటకు మాత్రమే వాడి, నిలుపుటకు గట్టి కట్టెను వాడవలెను.

కృష్ణా ముఖద్వారమునందలి మడ అడవుల జోలికి మాత్రము పోరాదు. అందు అధిక భాగము 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యములో చేరియున్నది. అచ్చట చెట్లు కొట్టుట నేరము. అంతకు మించి, 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమను ఎట్లు ముంచివేసినదో పెద్దలకు నేటికిని మరపునకు రాదు. మడ చెట్లు, సరుగుడు తోపులు గాలి ఉద్ధృతిని, అలల తాకిడిని తగ్గించును. ఇంటికి కాపుగా ఉన్న చెట్టును ఒక పూట నీళ్లకు కాల్చుకొనుట తగదు.

ఆరబెట్టు విధము

కట్టెలను వరి కోతలు, నూర్పిళ్లు ముగిసిన పిమ్మట పుష్య మాఘ మాసములలో కొట్టించుట మంచిది. కొట్టిన వెంటనే చీల్చవలెను. పచ్చిగానున్నప్పుడు చీల్చుట తేలిక. బెరడు మూసియున్న మొద్దు లోపలి తడిని సులభముగా విడువదు. మణికట్టు లావున చీల్చిన పేళ్లకు వేసవిలో కనీసము మూడు నెలల ఎండ, గాలి తగులవలెను.

డెల్టా నేలలలో చెమ్మ ఎక్కువ. కట్టెలను నేల మీద పోసినచో అడుగు వరుస ఎన్నటికిని ఆరదు, పైగా చెద పట్టును. ఇటుకల మీదనో, తాటి మొద్దుల మీదనో జానెడు ఎత్తున ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డముగా పేర్చవలెను. పైన తాటాకులో రేకో కప్పి, ప్రక్కలు తెరచి ఉంచవలెను. పరదాతో నాలుగు ప్రక్కల చుట్టినచో లోపలి తడి బయటకు పోక కట్టె బూజు పట్టును.

రోహిణి కార్తె వెళ్లులోగా, ఏడాదికి చాలు కట్టెలు ఎండి కప్పు క్రిందకు చేరవలెను. నైరుతి ఋతుపవనములు మొదలైన పిమ్మట కార్తికము వరకు మన ప్రాంతమున గాలిలోనే తడి యుండును. అప్పుడు ఆరబెట్టుట సాధ్యము కాదు.

కట్టె ఎండినది లేనిది తెలియుటకు సులువైన పరీక్ష కలదు. ఒక పేడుకు గుర్తు పెట్టి వారమునకొకసారి తూచవలెను. బరువు తగ్గుట ఆగినచో అది ఎండినట్లు. రెండు ఎండు పేళ్లను తట్టినచో కంగున మ్రోగును. పచ్చివి దబ్బుమనును.

పొయ్యి, గాలి

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో నూటికి 10 నుండి 15 పాళ్లు మాత్రమే పాత్రకు చేరును. మిగిలినది గాలి పాలు. మూడు ప్రక్కల మట్టి గోడ పెట్టి, పాత్రకు గోడకు మధ్య వేలెడు సందు మాత్రమే విడిచినచో మంట పాత్ర అంచులను రాచుకొనుచు పోవును. అడుగున ఇనుప కమ్ముల జల్లెడ అమర్చినచో గాలి క్రింది నుండి అందును. పొయ్యి నోటికి సరిపడు ఇటుకనో రేకునో చేరువన ఉంచుకొనవలెను. మంట ఉన్నంతవరకు నోరు తెరచి ఉంచి, మంట అణగి కణికలు మిగిలినప్పుడు దానితో మూడు వంతులు మూయవలెను. జల్లెడ మీద రెండు వ్రేళ్ల మందమున బూడిద నిలువనిచ్చినచో కణికలు మరింత సేపు నిలుచును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు మూసిన మట్టి పొయ్యికి పొగగొట్టము అమర్చి, పొగలేని వంటిండ్లను గూర్చి 1953లో పుస్తకము ప్రకటించిరి. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును చేపట్టినది. పొయ్యి పెట్టుటతో పని ముగియదనుట ఆనాటి అనుభవము. గొట్టములోని మసి దులుపనిచో పొగ తిరిగి ఇంటిలోనికే వచ్చును. నెలకొకసారి దులుపవలెను.

చలిదేశములలో గోడపొయ్యిలో ఇనుప పెట్టెను అమర్చి, తలుపు బిగించి, చిన్న గాలి ద్వారముతో రాత్రంతయు నిప్పు నిలుపుదురు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లోనే ఇట్టి ఇనుప పొయ్యిని వర్ణించుచు చిన్న పుస్తకము వెలువరించెను. కాశ్మీరములో కాంగ్డీ అను మట్టికుండలో బొగ్గు కణికలు పోసి బూడిద కప్పి వెచ్చదనము పొందుదురు. పరికరము మారినను సూత్రము ఒక్కటే.

దాలి - మన ఇంటి పాఠము

నిప్పును నిదానముగా నిలుపుటలో మన గృహిణులకు ఒకరు నేర్పవలసిన పని లేదు. దాలిగుంటలో పిడకలు పేర్చి, ప్రొద్దున పెట్టిన పాలకుండను సాయంత్రము వరకు కాచుట వారికి తెలిసిన విద్యయే. పాలు పొంగకుండ, మాడకుండ ఎర్రగా కాగి, దళసరి మీగడ కట్టును. దాలి చక్కగా సాగుటకు ఈ వరుస పాటింపవలెను.

1. బాగుగా ఎండిన పిడకలను సందు లేకుండ పేర్చి, మధ్యన నిప్పు వేయవలెను.

2. మంట లేచి అణగి, పొగ పలుచబడువరకు వేచియుండవలెను. ఈ తొందరలోనే చాలమంది తప్పు చేయుదురు. పొగ వచ్చుచుండగనే కుండ పెట్టినచో పాలకు పొగ వాసన పట్టును.

3. పైన పలుచగా బూడిద చల్లి కుండ నుంచవలెను. వేడి ఎక్కువైనచో బూడిద చేర్చవలెను, తగ్గినచో ప్రక్కన కొంచెము కదిపి గాలి ఇయ్యవలెను.

4. దాలిని వంటింటిలో గాక, గాలి ఆడు పెరటి చావడిలో ఉంచవలెను. పిడకల పొగ కట్టెల పొగ కంటె తక్కువ చేటు కాదు.

ఊక పొయ్యి

గుడివాడ ప్రాంతపు రైసుమిల్లులలో ఊకకు కొదువ లేదు. 100 కిలోల ధాన్యమునకు సుమారు 20 కిలోల ఊక వచ్చును. పాత డబ్బాకు అడుగు ప్రక్కన ఒక రంధ్రము చేసి, అందు గుండా అడ్డముగా ఒక కర్రను, దానిని తాకునట్లు మధ్యన నిలువుగా ఒక సీసాను ఉంచి, చుట్టును ఊక గట్టిగా దట్టించవలెను. ఊకలో రంపపుపొట్టు కలిపినచో గోడ జారదు. కర్రను, సీసాను మెల్లగా తీసి, క్రింది రంధ్రము నుండి అంటించవలెను. నిప్పు నడిమి నుండి అంచులకు ప్రాకుచు, మధ్యలో ఏమియు వేయకయే చాలసేపు కాలును. రాజేయునప్పుడు పొగ ఎక్కువ గనుక ఆరుబయటనే అంటించవలెను. ఊకలో అయిదవ వంతు వరకు బూడిదయే గాన పని ముగిసిన పిమ్మట డబ్బా ఖాళీ చేయవలెను.

మరువరాని జాగ్రత్తలు

గాలి తగ్గించిన కణికల నుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత కలిగించి నిద్రలోనే ప్రాణము తీయును. పొగ లేదు గదా అని ధైర్యపడరాదు. బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు, కిటికీలు బిగించు అలవాటు మానవలెను. తుపాను రాత్రులలో మూసిన ఇంటిలో నిప్పులు పెట్టుకొని పండుకొనరాదు. తల్లికి, బిడ్డకు వెచ్చదనము కావలసినచో దుప్పటి మేలు. పొగగొట్టమును మాత్రము కణికలున్నంతవరకు పూర్తిగా మూయరాదు. గాలిని పొయ్యి నోటి వద్దనే తగ్గించవలెను.

నివురు క్రింద నిప్పు గంటల తరబడి దాగియుండును. బూడిదను గడ్డివాము దగ్గర, తాటాకు పాకల దాపున పోయరాదు. మిగిలిన బొగ్గులను మూతగల కుండలో వేసి బిగించినచో అవియే ఆరి, మరునాటికి పనికివచ్చును. రంగు వేసిన చెక్కలు, ప్లాస్టిక్, సముద్రపు నీట నానిన కట్టెలు పొయ్యిలో వేయరాదు. చల్లారిన కట్టెల బూడిదలో పొటాష్, సున్నము ఉండును. కూరపాదులకు కొద్దిగా వేయవచ్చును. కాని దివిసీమ చౌడు నేలలకు బూడిద మేలు చేయదు.

ఒక వారము చేసి చూడుడు

ఒక రోజు పచ్చికట్టెలు, మరొక రోజు అంతే బరువు గల ఎండుకట్టెలు తూచి, అదే పొయ్యి మీద అదే బిందెతో నీళ్లు కాచి చూడుడు. ఏ రోజు ఎన్ని బిందెలు కాగినవో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుడు. మూడవ రోజు ఎండుకట్టెలనే వాడి, మంట అణగగానే పొయ్యి నోరు మూడు వంతులు మూసి చూడుడు. ఆ గీతలే మీకు సరియైన సలహా ఇచ్చును. అవి చూచిన పిమ్మట వచ్చు మాఘమాసములోనే కట్టెలు చీల్పించి జానెడు ఎత్తున పేర్పించెదరు. కట్టె మిగులుట ఒక లాభము. పెరటిలో పొయ్యి ఊదు ఇల్లాలి కంట నీరు తగ్గుట అంతకంటె పెద్ద లాభము.