చందమామను చూపే వేలు

పొద్దుగూకి, వేపచెట్టు మీదుగా చందమామ పైకొచ్చే వేళ యర్రగొండపాలెంలో చాలా వాకిళ్లలో కనిపించే దృశ్యమే ఇది. తల్లి చంకలో బిడ్డ, చేతిలో పప్పన్నం గిన్నె. ఆమె వేలెత్తి చందమామను చూపిస్తుంది. ఏడాది దాటిన బిడ్డ అటు చూస్తాడు, వెంటనే తల్లి ముఖంలోకి చూస్తాడు. నువ్వు చూపింది నేనూ చూశానని చెప్పే చూపు అది. ఆ సందులోనే ముద్ద నోట్లోకి పోతుంది.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ఉమ్మడి ధ్యాస అంటారు. మాటలకు పునాది పడేది ఇక్కడే. అమ్మ ‘కాకి’ అన్నప్పుడు ఆమె ఎటు చూస్తోందో బిడ్డ అటు చూస్తేనే ఆ పేరు ఆ పక్షికి అతుకుతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ చూపుల రాకపోకలు ఆలస్యంగా మొదలవుతాయి, లేదా చాలా తక్కువగా ఉంటాయి.

అలాంటి పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే పలకడు. అదే చిప్స్ ప్యాకెట్ చప్పుడైతే పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. బిస్కెట్లు కావాలంటే వేలు చూపించడు. అమ్మ మణికట్టు పట్టుకుని డబ్బా దాకా లాక్కెళ్తాడు. బలపాలు ఇస్తే గీయడు, గచ్చు మీద ఒకదాని వెంట ఒకటి బారుగా పేరుస్తాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటాడు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆటిజమేనని కాదు. కొన్ని కలిసి కనిపిస్తే మాత్రం ముందు చెవుల పరీక్ష, తర్వాత పిల్లల డాక్టరు సలహా తప్పనిసరి. “మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే” అన్న ఓదార్పు విని ఆగిపోయిన ఇళ్లలో విలువైన ఏళ్లు గడిచిపోతాయి.

మెదడులో ఏం జరుగుతోంది? పసితనంలో నాడీకణాల మధ్య లంకెలు అవసరానికి మించి మొలుస్తాయి. ఎదిగేకొద్దీ వాడుకలో లేనివి రాలిపోతాయి. చేలో ఒత్తుగా మొలిచిన మొక్కలను రైతు పలచన చేస్తాడే, అలాంటిదే ఇది. చనిపోయిన పిల్లల, యువకుల మెదడు కణజాలాన్ని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. లంకెలు ఏర్పడే ముళ్లలాంటి భాగాలు బాల్యం ముగిసేసరికి మామూలు మెదళ్లలో దాదాపు సగం తగ్గాయి. ఆటిజం ఉన్నవారిలో తగ్గింది 16 శాతమే. లంకెలన్నీ ఒకేసారి గోల చేస్తుంటే ఏది వినాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ తేడా ఎవరి పెంపకం వల్లా వచ్చింది కాదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి గుర్తింపు తెచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు పాశ్చాత్య దేశాల్లో తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని నిందించారు. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. అచ్చంగా ఒకేలా పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మిగతా 10 జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. వంశవాహకాల పాత్ర పెద్దదని అప్పుడు తేలింది. టీకాల వల్ల వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా మన ఊళ్లలో గ్రహణం నాడు బయటికెళ్లావనీ, ఫోన్ చేతికిచ్చావనీ తల్లినే నిలదీస్తున్నారు. బిడ్డకు చేయూత కావాల్సిన రోజుల్లో ఆ తల్లి కన్నీళ్లు తుడుచుకుంటూ కూర్చోవాల్సి రావడం అన్యాయం.

మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల కొలమానం తయారైంది సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థలోనే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. హైదరాబాద్‌తో సహా అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉంది.

కొలమానం, చట్టం ఉన్నా, స్పీచ్ థెరపీ కోసం వారం వారం ఒంగోలుకో గుంటూరుకో బస్సెక్కడం కూలీ ఇళ్లకు అయ్యే పనా? గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన ప్రయోగం ఇక్కడ ఆశ పుట్టిస్తుంది. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు బిడ్డతో మెలిగే తీరు నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగిందని 2016లో వెల్లడించారు. మన దగ్గర అంగన్‌వాడీలకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఆ మెలకువలు వాళ్ల ద్వారా ప్రతి గడపకూ చేరాలి.

మెలకువ పెద్దదేం కాదు. బిడ్డ బలపాలు పేరుస్తుంటే లాక్కోకుండా తల్లి కూడా గచ్చు మీద కూర్చుంటుంది. ఏమీ అడగదు. వరుస చివర తానొక బలపం పెట్టి, “ఇంకొకటి” అని ఆగుతుంది. బిడ్డ దాన్ని సరిచేసి మరొకటి పెడతాడు. ఆమె మళ్లీ ఒకటి పెట్టి, కాచుకుని ఉంటుంది. నాలుగో రోజో నలభయ్యో రోజో, తర్వాతి బలపం రావడం ఆలస్యమైతే, బిడ్డ తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తాడు.